ఎకనామిక్స్‌లో చేరుతున్నావా? ముందు పత్తి కాటా దగ్గరికి పో

మొదటి సెమిస్టర్‌లో పాఠ్యపుస్తకం తెరవకు. బీఏ ఎకనామిక్స్ అయినా, బీబీఏ అయినా, బీకాం అని ఇంట్లో ఒప్పించి రేపు మేనేజ్‌మెంట్‌లోకి పోదామని చూస్తున్నా, ఇదే మాట. లెక్చరరు కేకలేస్తారు. ఇంటర్నల్ మార్కులు కొన్ని పోతాయి. పోనీ. డిమాండ్ సూత్రం, దాని మినహాయింపులు వేసవిలో చదువుకున్నా అవే ఉంటాయి. పత్తి సీజను తప్పిందంటే మాత్రం మళ్లీ ఏడాది ఆగాలి. చిల్లకల్లులో పుట్టి పెరిగి, జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల ముందు ట్రాక్టర్లు వరుస కట్టడం చిన్నప్పటి నుంచీ చూస్తూ, ఎకనామిక్స్ అంటే ఎక్కడో అమెరికాలో ఆపిల్ పళ్లకూ కమలాపళ్లకూ మధ్య జరిగే వ్యవహారం అనుకుంటూ డిగ్రీ పూర్తి చేసే పిల్లలను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అక్కడికి పోయి ఏం చూడాలో చెప్తాను. ట్రాక్టరు తొట్టిలో పత్తి వస్తుంది. కాటన్ కార్పొరేషన్, అదే సీసీఐ, తరఫు మనిషి తేమ మీటరు పత్తిలోకి గుచ్చుతాడు. చిన్న తెర మీద ఒక అంకె పడుతుంది. రైతు చూపు ఆ అంకె మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. 8 శాతం దాకా తేమ ఉంటే పూర్తి మద్దతు ధర. 2025-26కి పొడవు పింజ పత్తికి అది క్వింటాకు రూ.8,110. తేమ 8 దాటితే ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత పెడతారు. 12 దాటితే కొనరు. ఆ బండి తిరిగి ఇంటికన్నా పోవాలి, ప్రైవేటు వ్యాపారి దగ్గరికన్నా పోవాలి. ఆ వ్యాపారి చెప్పిందే ధర.

ఇప్పుడు నోటుబుక్కు తీయి. పది క్వింటాళ్ల పత్తి 12 శాతం తేమతో కాటా మీదికి వచ్చిందనుకో. నాలుగు శాతం కోత పోను క్వింటాకు రూ.7,785.60. మొత్తం రూ.77,856. అదే పత్తిని టార్పాలిన్ మీద ఆరబోసి 8 శాతానికి తెచ్చి అమ్మితే? ధర పూర్తిగా వస్తుంది, కానీ నీళ్లు ఆవిరైపోయాయి కాబట్టి బరువు తగ్గుతుంది. తేమ తీసేసిన అసలు సరుకు 8.8 క్వింటాళ్లు. దాన్ని 0.92తో భాగిస్తే 9.565 క్వింటాళ్లు. రూ.8,110తో గుణిస్తే రూ.77,574. ఆరబెట్టిన రైతుకు రూ.282 తక్కువ వచ్చింది! ఆరబోత కూలి ఇంకా కలపలేదు. మంచు పడుతుందేమోనని రాత్రి కాపలా పడుకున్న మనిషి శ్రమ అసలే కలపలేదు.

అలాగని ఆరబెట్టడం దండగ అని ఊళ్లో చెప్పుకుంటూ తిరగకు. 14 శాతం తేమ ఉన్న పత్తికి ఆ చివరి రెండు శాతమే ప్రాణం. 12 లోపుకి దిగితే మద్దతు ధర దక్కుతుంది, లేకపోతే లేదు. లాభమంతా ఆ ఒక్క గీత దగ్గరే కూర్చుంది, గీత ఇవతలికి వచ్చాక ఇంకా ఆరబెట్టినందుకు వచ్చేదేమీ లేదు. పైగా మీటరు ఒకచోట గుచ్చితే ఒక అంకె, మూరెడు దూరంలో గుచ్చితే ఇంకో అంకె చూపించవచ్చు. అందుకే తెలివైన రైతు 11కి తెచ్చి ఊరుకుంటాడు. ఆ ఒక్క శాతం అతను అనిశ్చితికి కట్టే బీమా. 'మార్జినల్' అనే మాటకు అర్థం పుస్తకంలో రేఖాచిత్రంగా ఉంటుంది. కాటా దగ్గర అది రూ.282గా కనిపిస్తుంది. ఈ లెక్క ఒక్కసారి సొంతంగా చేసినవాళ్లు ఆ పాఠాన్ని మళ్లీ మర్చిపోరు.

అదే నోటుబుక్కులో ఇంకో మాట రాసుకో. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 దాకా పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని కేంద్రం ఎత్తేసింది. సరిగ్గా మన పత్తి మార్కెట్టుకు వచ్చే నెలలవి. బట్టల మిల్లులు ఎందుకు అడిగాయి, రైతు సంఘాలు ఎందుకు వద్దన్నాయి, అప్పుడు సీసీఐ కొనుగోలు మీద భారం ఎందుకు పెరుగుతుంది? అంతర్జాతీయ వాణిజ్యం పేపరుకు ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు తెలియదు.

రెండో సలహా. మిర్చి ధర పడిపోయిన రోజు క్లాసుకు పోకు. గుంటూరు యార్డుకు సరుకు వేసుకుని పోయే బండిలో చోటు అడిగి పో. ఖమ్మం మార్కెట్టుకైనా సరే. 2021లో నల్ల తామర పురుగు పడి పూత రాలిపోయింది, తోటలు తుడిచిపెట్టుకుపోయాయి. దిగుబడి లేక ధర లేచింది. 2023లో మంచి రకాలు క్వింటా రూ.20,000 దాటాయి. దాన్ని చూసి అందరూ మిరపే వేశారు. 2025 ఫిబ్రవరికి ధర సగానికి పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు రూ.11,781 అని ప్రకటించాల్సి వచ్చింది. నిరుటి ధర చూసి ఈ ఏడు నారు పోసే ఈ తిరుగుడును ఎకనామిక్స్‌లో 'కాబ్‌వెబ్' అంటారు. మొర్డెకాయ్ ఎజెకియెల్ అనే అమెరికన్ వ్యవసాయ ఆర్థికవేత్త 1938లో దాని మీద పేరున్న వ్యాసం రాశాడు. పరీక్షలో ఆ సాలెగూడు బొమ్మ గీస్తే పది మార్కులు. కానీ కాయ కోతకు కూలీలు దొరక్క, కోసిన కాయ అమ్మితే కోత కూలి కూడా రాక, చెట్టు మీదే వదిలేద్దామా అని ఆలోచిస్తున్న మనిషితో యార్డు దాకా ప్రయాణం చేస్తే ఇంకో ప్రశ్న పుడుతుంది. నిరుటి ధర తప్ప వేరే సమాచారమేదీ చేతిలో లేని రైతు తెలివితక్కువవాడా, లేక ఆ సమాచారం అతనికి చేరనివ్వని మార్కెట్టు తెలివితక్కువదా? నా వరకు జవాబు రెండోదే. నీ జవాబు నువ్వే తేల్చుకో, అయితే బండిలో కూర్చున్నాక తేల్చుకో.

నోట్సు తెలుగులో రాసుకో. ఇది వినగానే ఇంట్లోవాళ్లు మండిపడతారని తెలుసు. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువంతా ఇంగ్లిషు మీడియమైంది, పరీక్ష ఇంగ్లిషులోనే రాయాలి. రాయి. ఇంగ్లిషు బాగా నేర్చుకో, అది లేకుండా ముందు వరస పుస్తకాలు చదవలేవు. కానీ ఆలోచన ముందు తెలుగులో పూర్తి చేసుకో. 'అవకాశ వ్యయం' అంటే ఏమిటో మీ అమ్మమ్మకు రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే నీకు అది రాలేదన్నమాటే, ఇంగ్లిషులో ఎన్ని పేజీలు నింపినా. తెలుగు అకాడమీ పాత ఎకనామిక్స్ పుస్తకాలు లైబ్రరీల్లో ఒక మూల పడి ఉంటాయి, అడిగి తీసుకో. భాష బరువుగా ఉంటుంది, ఓపిక పట్టు. ఇలా చదివితే మొదటి ఏడాది మార్కులు తగ్గుతాయి, దాచను. మూడో ఏడాదికి పక్కవాడు బట్టీ పట్టింది మర్చిపోయి ఉంటాడు, నీకు మాత్రం వాదించడం వచ్చి ఉంటుంది.

ఇక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. మన రాష్ట్రంలో డిగ్రీ మొదటి ఏడాది అయ్యాక 180 గంటలు ఏదో ఒక ఊళ్లో పనిచేసి రిపోర్టు ఇవ్వాలి. చాలామంది దీన్ని పీడగా చూస్తారు. జిరాక్సు షాపులో నిరుటి రిపోర్టు దొరుకుతుంది, పేరు మార్చి స్పైరల్ బైండింగ్ చేయిస్తే అయిపోయింది. 'పరిశుభ్రత మీద అవగాహన' అని ఒక టాపిక్ ఇచ్చి లెక్చరర్లూ ఊరుకుంటారు. నువ్వు మాత్రం ఆ 180 గంటలూ మొత్తం వాడు, ఇంకా కావాలని అడుగు. సొంత ఊరినే తీసుకో. సొంత ఊరిని అధ్యయనం చేయకూడదు, పక్షపాతం వస్తుంది అని ఎవరన్నా అంటే వాళ్లకు గిల్బర్ట్ స్లేటర్ కథ చెప్పు.

స్లేటర్ 1915లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇండియన్ ఎకనామిక్స్ ప్రొఫెసరుగా వచ్చిన ఇంగ్లిషువాడు. అప్పటికి మన జిల్లాల కాలేజీలన్నీ మద్రాసు కిందే, ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది 1926లో. ఆయన చేసిన పని ఒక్కటే. ప్రశ్నల పట్టిక చేతికిచ్చి విద్యార్థులను సొంత ఊళ్లకు పంపాడు. ఎవరికి ఎంత భూమి, కూలి ఎంత, అప్పు ఎంత, ఇల్లు దేనితో కట్టారు అని రాయించాడు. ఆ సర్వేలే 1918లో పుస్తకమయ్యాయి. అందులో అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉన్న ఊనగట్ల కూడా ఉంది. 1930ల్లో ఆర్థికవేత్తలు పి.జె.థామస్, కె.సి.రామకృష్ణన్ ఆ ఊళ్లను మళ్లీ సర్వే చేయించి 1940లో ఇంకో పుస్తకం తెచ్చారు. డిగ్రీ పిల్లలు సెలవుల్లో రాసుకొచ్చిన లెక్కలను వందేళ్ల తర్వాత కూడా పరిశోధకులు తిరగేస్తున్నారు. నిడుబ్రోలు నుంచి ఆక్స్‌ఫర్డ్ దాకా పోయిన ఎన్.జి.రంగా 1920ల్లో రాసింది కూడా డెల్టా ఊళ్ల ఆర్థిక వ్యవస్థ గురించే. తర్వాతి కాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సహకార, అనువర్తిత ఆర్థికశాస్త్ర శాఖలో పనిచేసిన జి.పార్థసారథి కౌలు గురించీ భూసంస్కరణల అమలు గురించీ ఊళ్లు తిరిగి రాశారు. డెల్టాకు ఇంతమంది దొరికారు. నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్లను, సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని ఊళ్లను, నువ్వు రాయాలి.

చిల్లకల్లులో ఏం రాయాలంటావా? ఊరి పక్కనే టోల్ ప్లాజా పెట్టుకుని ఆ మాట అడక్కూడదు. హైదరాబాద్-విజయవాడ హైవేను నాలుగు వరసలు చేసి టోలు వసూలు చేసుకునే ఒప్పందం జీఎంఆర్ సంస్థకు దక్కింది. రాష్ట్ర విభజన తర్వాత రాకపోకలు తగ్గి నష్టపోయామని ఆ సంస్థ పరిహారం కోరింది. 2024 జూలై నుంచి వసూళ్లు జాతీయ రహదారుల సంస్థ చేతికి వచ్చాయి. పెట్టుబడి పెట్టినవాడు ఎన్నేళ్ల బళ్లను ముందే లెక్కగట్టాడు, రాష్ట్రం రెండవుతుందని ఎవరు ఊహించాలి, ఊహించని నష్టం ఎవరి ఖాతాలో పడాలి? మేనేజ్‌మెంట్ కాలేజీల్లో 'రిస్క్' అని ఒక సెమిస్టరంతా చెప్పే పాఠం ఇదే. అది నీ ఊరి పేరుతో ఉంది.

ఇంకా కిందికి దిగి చూడు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. వరస తగ్గింది, డీజిల్ ఆదా అయింది, అందరూ సంతోషించారు. ఆగిన కార్ల కిటికీల దగ్గర జామకాయలు, మరమరాలు, నీళ్ల సీసాలు అమ్ముకునేవాళ్ల బేరం ఏమైంది? దేశం మొత్తానికి లాభమైన మార్పులో నష్టపోయిన పదిమంది మీ ఊళ్లోనే ఉంటే, వాళ్ల పేర్లు రాయకుండా ఆదాయం మాత్రం అడిగి రాసుకో. అప్పుడెంత, ఇప్పుడెంత, మధ్యలో ఏ పనికి మారారు. లాభనష్టాల విశ్లేషణ అంటే ఇదే, ఇందులో రెండో సగాన్ని ఎవరూ రాయరు. అలాగే గరికపాడు దాటి తెలంగాణలోకి పోయి పెట్రోలు బంకుల బోర్డులు చూడు. ఆంధ్రలో వ్యాట్ శాతం మీద లీటరుకు ఇన్ని రూపాయలని అదనపు పన్ను, రోడ్డు సెస్సు కూడా ఉంటాయి. తెలంగాణలో శాతం మాత్రమే. ముడిచమురు ధర పడినప్పుడు ఏ పన్ను తగ్గుతుంది, ఏది కదలకుండా కూర్చుంటుంది? సరిహద్దు ఊళ్లో పుట్టడం ఎకనామిక్స్ విద్యార్థికి దొరికే వరం, దాన్ని వాడుకో.

అప్పుల గురించి అడగడానికి మొహమాటపడకు. మర్యాద కాదని పెద్దవాళ్లు అంటారు. ఈ ఒక్క విషయంలో వాళ్ల మాట వినకు. ముందు మీ ఇంట్లో అడుగు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. వడ్డీని నెలనెలా అసల్లో కలిపేస్తే 26.8 శాతం. మూడు రూపాయలైతే 36, కలిపితే 42.6. బ్యాంకు వడ్డీ పక్కన ఈ అంకెలు పెట్టి చూసుకో. బ్యాంకు దగ్గర తక్కువ ఉంటే ఎందుకు పోరు అంటే, కౌలు రైతుకు కాగితం కావాలి. 2019 చట్టం కింద ఇచ్చే కౌలు కార్డుకు భూమి యజమాని ఒప్పుకోవాలి. ఆయన సంతకం పెట్టడు, పెడితే భూమి పోతుందేమోనని భయం. కాగితం లేని కౌలుదారు పురుగుమందుల కొట్టులో ఖాతా పెడతాడు, పంట వచ్చాక ఆ కొట్టువాడు చెప్పిన చోటే అమ్ముతాడు. భూమి, అప్పు, సరుకు అనే మూడు మార్కెట్లు ఒక మనిషి మెడ చుట్టూ ఒకే ముడి వేసుకుంటాయి.

అప్పుల గొడవ వల్ల ఈ ప్రాంతం ప్రపంచమంతా పేరు మోసింది కూడా. 2006 మార్చిలో ఉమ్మడి కృష్ణా జిల్లా అధికారులు 50కి పైగా మైక్రోఫైనాన్స్ శాఖలను మూయించారు. వారం వారం వాయిదాలు, వసూలులో ఒత్తిడి, వడ్డీ చెప్పే తీరు అప్పటి ఫిర్యాదులు. నాలుగేళ్లకు, 2010 అక్టోబరులో, రాష్ట్రమంతటికీ ఆర్డినెన్సు వచ్చింది. అప్పటి ఆ 'ఫ్లాట్ వడ్డీ' మాయను నువ్వు విప్పి చూడాలి. పదివేలు అప్పు, 15 శాతం ఫ్లాట్, 50 వారాలు. వారానికి రూ.230 కట్టాలి. పదిహేను శాతమేగా అనిపిస్తుంది. కానీ అసలు ప్రతి వారం తగ్గిపోతోంది, సగటున చేతిలో ఉండేది ఐదు వేలకు కాస్త పైన. రూ.1,500 వడ్డీ దాని మీద కడుతున్నారన్నమాట. అంటే ముప్పై శాతానికి దగ్గర. ఈ లెక్క డ్వాక్రా గ్రూపు మీటింగులో కూర్చుని ఒక్కసారి అక్కలకు వేసి చూపించు. నీ చదువుకు ఊళ్లో గౌరవం ఆ రోజే మొదలవుతుంది.

స్పెషలైజేషన్ దగ్గర అందరూ మార్కెటింగ్, హెచ్ఆర్ అంటారు. నువ్వు స్టాటిస్టిక్స్, కాస్ట్ అకౌంటింగ్ తీసుకో. మార్కులు కష్టం, తప్పదు. విజయగాథల సెమినార్లకు పోకు. మూతపడ్డ వ్యాపారం నడిపిన మనిషి ఊళ్లో ఎవరో కనుక్కుని, టీ తాగుతూ, ఏ నెలలో నగదు ఆగిపోయిందని అడుగు. చదువు మధ్యలో సొంత వ్యాపారం పెట్టకు, లోను ఇస్తామని ఎవరు పిలిచినా సరే. అంతకన్నా ముందు ఒక ఏడాది ఇంకొకరి చిట్టా, ఆవర్జా చేత్తో రాయి.

సిమెంటు ఫ్యాక్టరీలు జయంతిపురం, బూదవాడ, ముక్త్యాల చుట్టూనే ఎందుకున్నాయో కూడా తెలుసుకో. టన్ను క్లింకరుకు దాదాపు టన్నున్నర సున్నపురాయి కావాలి. బట్టీలో బరువు పోగొట్టుకునే రాయిని దూరం మోయడం దండగ కాబట్టి ఫ్యాక్టరీయే రాయి దగ్గరికి వస్తుంది. ఆల్‌ఫ్రెడ్ వెబర్ 1909లో జర్మనీలో రాసిన సిద్ధాంతం ఇదే. ఈ ప్రాంతపు రాయి అంతకన్నా పాత పాఠం ఒకటి కూడా చెప్పింది. జగ్గయ్యపేట ధనంబోడు స్తూపం దగ్గర 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్‌కు దొరికిన శిల్పఫలకంలో చక్రవర్తి చేయెత్తి నిలబడితే మేఘాల్లోంచి చదరపు నాణేలు వానలా రాలుతుంటాయి. చూసేవాళ్లు భక్తిగా చూస్తారు. నువ్వు ఎకనామిక్స్ విద్యార్థివి, ఆ వాన వెలిసిన మర్నాడు సంతలో బియ్యం ధర ఎంత ఉంటుందని అడుగు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1969లో హెలికాప్టరు నుంచి నోట్లు వేస్తే ఏమవుతుందని ఊహించి రాసింది సరిగ్గా ఈ ప్రశ్నే. ఆ ఫలకం చెన్నై మ్యూజియంలో ఉంది, కాలేజీ విహారయాత్ర అటు పెట్టించు.

పీజీకి బయటికి పోవద్దని నేను అనను. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టిన చోటు, ఐసెట్ రాసి పో. కానీ దానికి ముందు డిగ్రీలో వచ్చే సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌ను హైదరాబాదు అద్దాల ఆఫీసుకు ఇవ్వకు. అక్కడ నీకు ఎక్సెల్ షీటు రంగులు మార్చే పని ఇస్తారు. నందిగామ వైపు గానీ గుంటూరులో గానీ మిర్చి కోల్డ్ స్టోరేజీలో అడుగు. స్టైపెండు లేకపోయినా చేరు. మొదటి వారం లోపలి చలి, ఘాటు అలవాటు కావు, తలనొప్పి వస్తుంది, మానేయకు. బస్తాకు అద్దె ఎంత, నిల్వ రసీదు మీద బ్యాంకు సరుకు విలువలో ఎంత శాతం అప్పిస్తోంది, ధర పెరుగుతుందని ఆగిన రైతుకు అద్దె, వడ్డీ, తరుగు పోను ఏం మిగిలింది, రైతుల పేరు మీద ఉన్న బస్తాల్లో నిజంగా రైతులవి ఎన్ని, వ్యాపారులవి ఎన్ని? ఈ నాలుగూ ప్రతి శనివారం రాసుకో. చివరి రోజు సర్టిఫికెట్ మీద 'ఇంటర్న్‌షిప్ పూర్తి చేశారు' అని ఊరికే రాయిస్తే ఒప్పుకోకు. నిల్వ లెక్కలు, రసీదు రుణాలు చూశారని చేసిన పని పేరుతో రాయించుకుని, యజమాని సంతకం, స్టాంపు వేయించుకుని బయటికి రా.